ల్యూక్ కోంబ్స్ గొంతులో 'ఫాస్ట్ కార్': విన్నవాళ్లు ఇటు రండి

డల్లాస్ దారి:
2024 ఫిబ్రవరి 4న లాస్ ఏంజెలెస్‌లో జరిగిన గ్రామీ సంగీత అవార్డుల వేడుక మొత్తం చూసే ఓపిక నాకు లేదు. ఒక్క పాట, 'ఫాస్ట్ కార్' కోసం కూర్చున్నా. ముందు తెర మీద గిటార్, దాని మీద కదిలే వేళ్లు మాత్రమే చూపించారు. ఆ వరస వినగానే హాలంతా ఒక్కసారి గోల. కెమెరా పైకి వెళ్లేసరికి ఈ పాట రాసి 1988లో మొదట పాడిన ట్రేసీ చాప్‌మన్ నవ్వుతోంది. జుట్టు నెరిసింది, గొంతు మాత్రం 1988లో ఎలా ఉందో అలాగే ఉంది. పక్కన కంట్రీ (అమెరికా పల్లె బాణీ) పాటల గాయకుడు ల్యూక్ కోంబ్స్. ఆవిడ పాడుతున్నంతసేపూ అతను ఆవిడ వైపే చూస్తూ, మైకుకి దూరంగా నిలబడి పెదాలు కదుపుతున్నాడు. గుళ్లో పెద్దాయన శ్లోకం చదువుతుంటే వెనక నిలబడి అందుకునే కుర్రాడిలా ఉన్నాడు.

కోంబ్స్ చేసిన కవర్ (అంటే వేరేవాళ్ల పాటని మళ్లీ పాడి రికార్డు చెయ్యడం) 2023 మార్చిలో 'గెట్టిన్ ఓల్డ్' ఆల్బమ్‌లో వచ్చింది. అప్పట్నుంచి ఇక్కడ కారులో ఏ కంట్రీ స్టేషన్ పెట్టినా అదే పాట. నాకు భలే నచ్చింది. అతను ఎక్కడా సొంత సంగతులు వెయ్యలేదు. ట్యూన్ అదే, మొదట్లో గిటార్ అదే, కథ అదే. అయినా పాత పాట మళ్లీ విన్నట్టు లేదు. ఇంట్లో చెబితే ఎవరూ వినట్లేదు, అందుకే ఇక్కడికొచ్చి మొత్తుకుంటున్నా. మీకేమనిపించింది?

నల్లగొండ నాని:
అన్నా, నేను రీల్స్‌లో కోంబ్స్‌దే విన్న. మస్తుంది. ఒరిజినల్ ఒకటుందని ఈ గ్రామీల తర్వాతే తెలిసింది. ఇంతకీ ఆ పాటల కథేంది? కారు గురించి పాటంటే జల్సా పాట అనుకున్న, కానీ వింటుంటే ఏదో బాధగ ఉంది.

వెన్నెల వైజాగ్:
నానీ, జల్సా లేదు, ఏమీ లేదు. కథ చెబుతున్నది ఒక అమ్మాయి. తండ్రి తాగుబోతు, తల్లి విసిగిపోయి వెళ్లిపోయింది. తండ్రిని చూసుకోవడానికి ఈ పిల్ల చదువు మానేసింది. చిన్న కొట్లో పనిచేసి కాస్త డబ్బు దాచుకుంది. ఇంకొకడికి కారుంది. ఇద్దరం ఊరొదిలి సిటీకి పోదాం, ఉద్యోగాలు చూసుకుందాం, బతకడమంటే ఏంటో చూద్దాం అంటుంది. వెళ్తారు. సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర ఆమెకి పని దొరుకుతుంది. అతనికి దొరకదు. కొన్నాళ్లకి అతను కూడా బార్‌లోనే ఉంటాడు, పిల్లల్ని చూడ్డం కంటే స్నేహితుల్ని చూడ్డమే ఎక్కువ. అంటే ఏ ఇంటి నుంచి పారిపోయి వచ్చిందో అదే ఇల్లు మళ్లీ కట్టుకుంది.

నాకు మనసు కలుక్కుమనే చోటు చివర్లో ఉంది. మొదట్లో ఇద్దరం కలిసి తేల్చుకుందాం, ఈ రాత్రే వెళ్లిపోదామా, ఇక్కడే ఇలాగే చచ్చిపోదామా అని అడుగుతుంది. చివర్లో అదే ప్రశ్న అతనొక్కడికే వేస్తుంది. నీ కారు తీసుకుని నువ్వు పో, నేనెక్కడికీ రాను అన్నట్టు. గొంతు పెంచదు, తిట్టదు. చాప్‌మన్ ఆ చరణం కూడా మొదటి చరణం పాడినట్టే పాడుతుంది. అలా పాడటం ఎంత కష్టమో పాడి చూస్తే తెలుస్తుంది.

పాతపాటల పిచ్చి:
అంతా బానే ఉంది గానీ, దారి గారూ, మీరు మెచ్చుకుంటున్న కారణమే నాకు అడ్డం. ఏమీ మార్చకపోతే కవర్ ఎందుకండీ? పాట ఉంది కదా, అదే వేసుకోవచ్చు.

కవర్ అంటే నా దృష్టిలో విట్నీ హ్యూస్టన్ చేసినట్టు ఉండాలి. 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' డాలీ పార్టన్ రాసి పాడుకున్న పాట. 1974లో రిలీజైంది, కంట్రీ చార్టులో మొదటి స్థానానికీ వెళ్లింది. మెల్లగా వీడ్కోలు చెప్పే పాట. 1992లో విట్నీ దాన్ని వాద్యాలేమీ లేకుండా ఉత్త గొంతుతో ఎత్తుకుంది. దాదాపు ముప్పావు నిమిషం వెనక ఏమీ లేదు. తర్వాత మెట్టు మెట్టుగా పెంచుకుంటూ పోయి, ఒక్క క్షణం మొత్తం ఆపి, పైస్థాయిలో మళ్లీ అందుకుంది. అమెరికా చార్టులో 14 వారాలు నంబర్ వన్. పాట డాలీదే, కానీ ఇల్లు మారింది. లేదా జానీ క్యాష్ 2002లో పాడిన 'హర్ట్' తీసుకోండి. ఒక కుర్ర రాక్ బ్యాండ్ పాట డెబ్భై ఏళ్ల ముసలాయన పాడితే దాని వయసే మారిపోయింది. వాళ్లు చేసింది పని. కోంబ్స్ చేసింది జిరాక్స్.

డల్లాస్ దారి:
జిరాక్స్ అనేశారు! సరే, నేను ఒక్కటే అడుగుతా. కోంబ్స్ గడ్డం పెంచుకున్న భారీ మనిషి, కంట్రీ గాయకుడు. అతను ఆ బిల్లింగ్ కౌంటర్ అమ్మాయిని అబ్బాయిగా మార్చలేదు. "నేను చెక్అవుట్ అమ్మాయిని" అన్న మాట ఉన్నదున్నట్టే పాడాడు. మార్చడం చాలా తేలిక, చాలామంది మార్చేస్తారు కూడా. అతను మార్చకపోవడంతో ఏమైందంటే, పాట వింటున్నంతసేపూ ఇది ఈ మనిషి కథ కాదు, ఎవరో అమ్మాయి కథ ఇతను మనకి చెబుతున్నాడు అని తెలుస్తూనే ఉంటుంది. చాప్‌మన్ పాడితే అది ఒప్పుకోలులా ఉంటుంది. ఇతను పాడితే సాక్ష్యంలా ఉంటుంది. ఒక్క మాటా మార్చకుండా ఇంత తేడా వచ్చిందంటే అది జిరాక్స్ ఎలా అవుతుంది సార్?

పాతపాటల పిచ్చి:
పాయింటు బాగుంది. కానీ అతను అంత ఆలోచించి చేశాడా, ఉన్నది ఉన్నట్టు ప్రేమతో పాడేశాడా? నాకు రెండోదే అనిపిస్తుంది.

వెన్నెల వైజాగ్:
ప్రేమతో పాడితే తప్పేముంది సార్ 🙂 చిన్నప్పుడు వాళ్ల నాన్నతో పాటు ట్రక్కులో వెళ్తూ ఆ క్యాసెట్ విన్నానని అతనే చెప్పాడు. అతను పుట్టింది 1990లో. అంటే పాట అతనికంటే రెండేళ్లు పెద్దది.

గిటార్ గోపి:
ఆలస్యంగా వచ్చా, క్లాసులున్నాయి. వాయించేవాడి వైపు నుంచి కాస్త చెబుతా.

ఈ పాట గిటార్ నేర్పేవాళ్లందరికీ ఇష్టం, నేర్చుకునేవాళ్లకి హడల్. రెండో ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డగీత) దగ్గర కేపో, అంటే తీగల్ని నొక్కిపట్టే క్లిప్, పెట్టి, సి మేజర్ సెవెన్, జి, ఇ మైనర్, డి. అంతే. కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) చూస్తే మూడో వారం స్టూడెంట్ కూడా పట్టేస్తాడు. చిక్కంతా ఆ వరసలో ఉంది. కార్డ్ మొత్తం గీకకుండా తీగల్ని విడివిడిగా మీటుతూ, మధ్యలో ఎడమచేతి వేలితో తీగని కొట్టి స్వరం పుట్టించడం, వేలు లాగేసి కింది స్వరం వినిపించడం ఉంటుంది. ఆ కొట్టడం, లాగడం ఒకే బరువుతో రావాలి. కొత్తవాళ్లు కొట్టేటప్పుడు గట్టిగా కొడతారు, లాగేటప్పుడు స్వరం చచ్చిపోతుంది. గ్రామీల్లో మొదట చూపించిన వేళ్లు అవే చేస్తున్నాయి, స్లో చేసి చూడండి.

ఇక పాట నిర్మాణం. చరణాలు ఎన్నొచ్చినా అదే వరస తిరుగుతుంది. ఎక్కడికీ పోదు. ఒరిజినల్‌లో చాలాసేపటి దాకా గొంతు, గిటార్, కింద కొంచెం బేస్, అంతే. కారులో వెళ్లిన ఆ రాత్రిని గుర్తు చేసుకునే కోరస్ వచ్చినప్పుడు మాత్రం డ్రమ్స్ దబ్బున పడతాయి. మనకి ఒళ్లు ఝల్లుమంటుంది. కోరస్ అయిపోగానే డ్రమ్స్ తగ్గి మళ్లీ పాత వరసే. అంటే ఆ అమ్మాయి జీవితంలో వేగం ఉన్నది ఆ ఒక్క రాత్రే. మిగతా అంతా గుండ్రంగా తిరగడమే. మాటలు అర్థం కానివాళ్లకి కూడా పాట తగిలేది ఇందుకే.

కోంబ్స్ వెర్షన్లో వాద్యాలు కాస్త నిండుగా ఉన్నాయి, డ్రమ్స్ బరువెక్కాయి. అందువల్ల ఆ ఎత్తుపల్లాల తేడా ఒరిజినల్లో ఉన్నంత లేదు. ఇది లోటే అంటాను. కానీ కోరస్‌లో అతని గొంతులో ఆ గరగర వస్తుంది చూశారా, పైకి వెళ్లేటప్పుడు కొంచెం చిరుగుతుంది. చాప్‌మన్ అక్కడ గొంతు చిరగనివ్వదు. ఆవిడ అదుపులో పెట్టుకుంది, ఇతను వదిలేశాడు. ఎవరికి ఏది నచ్చితే అది.

నల్లగొండ నాని:
గోపన్నా, నేను మాత్రం ఇంకో వెర్షన్ జిమ్‌ల విన్న, ధన్ ధన్ అని బీట్ ఉంటది.

గిటార్ గోపి:
అది జోనస్ బ్లూ, 2015. బ్రిటన్లో రెండో స్థానం దాకా వెళ్లింది. ట్రెడ్‌మిల్‌కి బాగుంటుంది. అంతకుమించి నన్నడగొద్దు.

పాతపాటల పిచ్చి:
గోపీ, ఆ కోరస్ డ్రమ్స్ గురించి నువ్వు రాసింది చదివి మళ్లీ ఒరిజినల్ విన్నాను. థాంక్స్. నేను చెప్పేదీ అదే, ఆ అదుపే ఆ పాట ప్రాణం.

కుర్రాళ్లు ఉన్నారు కాబట్టి ఒక సంగతి. 1988 జూన్ 11న లండన్ వెంబ్లీ స్టేడియంలో నెల్సన్ మండేలా డెబ్భయ్యో పుట్టినరోజు కచేరీ జరిగింది. ఆయన అప్పటికి ఇంకా జైల్లోనే ఉన్నాడు. అరవైకి పైగా దేశాల్లో టీవీలో వేశారు. చాప్‌మన్‌ది మొదటి ఆల్బమ్ వచ్చి రెండు నెలలే, పేరు తెలిసినవాళ్లు తక్కువ. మధ్యాహ్నం తన పాటలేవో తను పాడుకుని దిగిపోయింది. రాత్రి స్టీవీ వండర్ స్టేజి ఎక్కాల్సిన టైముకి ఆయన సింథసైజర్ తాలూకు హార్డ్ డిస్క్ కనపడలేదు. అది లేకపోతే ఆయన వాయించలేడు. ఆయన వెనక్కి వెళ్లిపోయాడు. జనం ఎదురుచూస్తున్నారు. పరికరాల బాధ లేనిది ఎవరికి? ఒక్క గిటార్ ఉన్న మనిషికి. చాప్‌మన్‌ని మళ్లీ పంపారు. డ్రమ్స్ లేవు, బ్యాండ్ లేదు, ఆ పిల్ల ఒక్కతే నిలబడి 'ఫాస్ట్ కార్' పాడింది. 24 ఏళ్లు. అక్కణ్నుంచి పాట అమెరికాలో ఆరో స్థానం, బ్రిటన్లో అయిదో స్థానం దాకా పోయింది. మరుసటి ఏడు ఆవిడకి మూడు గ్రామీలు.

అంతకుముందు ఆవిడ బోస్టన్ పక్కన హార్వర్డ్ స్క్వేర్‌లో రోడ్డు మీద పాడుకునేది. రోడ్డు మీద పాడటం అలవాటైన గొంతుకి స్టేడియం ఒక లెక్క కాదనుకుంటా.

డల్లాస్ దారి:
పిచ్చి గారూ, ఈ హార్డ్ డిస్క్ కథ నాకు తెలీదు. ఈ ఒక్క పోస్టు కోసమైనా థ్రెడ్ పెట్టినందుకు గిట్టుబాటైంది.

షార్లెట్ లత:
నేను ఉండేది నార్త్ కరోలినాలో. కోంబ్స్ ఈ రాష్ట్రం వాడే, ఇక్కడ అతను మన బాలూ గారంత ఇంటి మనిషి. మా వార్డులో నైట్ షిఫ్ట్‌లో ఒక రేడియో మెల్లగా మోగుతూ ఉంటుంది. 2023 వేసవిలో ఈ పాట వస్తే ఇరవై రెండేళ్ల అమ్మాయి ఒకతె, భలే రాశాడు కదా కోంబ్స్ అంది. మందుల ట్రాలీ సర్దుతున్న మా సీనియర్, నల్లజాతి ఆవిడ, ఏమీ అనలేదు. ఫోన్ తీసి చాప్‌మన్‌ది పెట్టి, ఆ పిల్ల చేతిలో పెట్టి, మళ్లీ ట్రాలీ దగ్గరికి వెళ్లింది. ఆ అమ్మాయి పాట మొత్తం నిలబడే వింది.

దీని గురించి ఇక్కడ చాలా చర్చే నడిచింది. కంట్రీ రేడియోలో నల్లజాతి ఆడవాళ్ల పాటలు వేసేదే తక్కువ. అలాంటిది, ఒక నల్లజాతి మహిళ పాట అక్కడ మోగాలంటే తెల్లజాతి మగాడు పాడాల్సి వచ్చిందా అని కొందరి బాధ. ఆ బాధ అబద్ధం కాదు. కోంబ్స్ రికార్డు కంట్రీ రేడియో చార్టులో నంబర్ వన్ అయినప్పుడు, ఒక పాటని ఒంటరిగా రాసి ఆ స్థానం అందుకున్న మొదటి నల్లజాతి మహిళ చాప్‌మన్ అయింది. 2023లో ఆ రికార్డు మొదటిసారి జరగడం, గొప్పగా చెప్పుకోవాలో సిగ్గుపడాలో తెలీని విషయం. ఆ నవంబర్లో సీఎంఏ (కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్) అవార్డుల్లో ఆ ఏటి ఉత్తమ పాట అవార్డు రాసిన ఆవిడకే ఇచ్చారు, 35 ఏళ్ల కిందటి పాటకి. కోంబ్స్‌కి ఉత్తమ సింగిల్. స్టేజి మీద అతను ముందు చెప్పుకుంది ఆవిడ పేరే.

చాప్‌మన్ మాత్రం ఏ రచ్చలోనూ దూరలేదు. కంట్రీ చార్టుల్లో తన పాట ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదనీ, కొత్త శ్రోతలు దొరికినందుకు సంతోషమనీ ఒక చిన్న ప్రకటన, అంతే. 2009 తర్వాత టూర్ చెయ్యని మనిషి. అలాంటావిడ గ్రామీకి వచ్చి నిలబడిందంటే, నా లెక్కలో ఈ కవర్‌కి అంతకంటే పెద్ద సర్టిఫికెట్ లేదు.

వేటూరి వీరాభిమాని:
అమెరికా వాళ్లు ఎవరి పాట ఎవరు పాడితే మనకెందుకండీ, మన పాటలు లేవా

నిర్వాహకుడు:
వీరాభిమాని గారూ, మన పాటలకి పక్కనే వేరే విభాగం ఉంది. ఇక్కడ విషయం మీదే ఉందాం.

కామేశ్వరి:
నాని గారు ఇంతకుముందు వేరే థ్రెడ్‌లో అడిగారు, కవర్ చేస్తే అసలు వాళ్లకి డబ్బులొస్తాయా అని. ఈ పాటే దానికి మంచి ఉదాహరణ, నేను లాయర్ని కాబట్టి ఓ మాట చెబుతా.

అమెరికాలో ఒకసారి రికార్డై విడుదలైన పాటని ఎవరైనా మళ్లీ పాడి రికార్డు చేసుకోవచ్చు, రాసినవాళ్ల అనుమతి అడగక్కర్లేదు, చట్టం చెప్పిన రాయల్టీ కడితే చాలు. తమాషా ఏమిటంటే, అక్కడ మామూలు ఎఫ్ఎం రేడియోలో పాట వేస్తే డబ్బు వెళ్లేది పాట రాసినవాళ్లకి, పబ్లిషర్‌కి. పాడినవాళ్లకి రాదు. 'ఫాస్ట్ కార్' మాటలు, ట్యూన్ రెండూ చాప్‌మన్ ఒక్కావిడవే. అంటే దారి గారి కారులో కోంబ్స్ పాట మోగిన ప్రతిసారీ ఆ రేడియో సొమ్ములో వాటా చాప్‌మన్ వైపుకే వెళ్లింది, కోంబ్స్‌కి కాదు.

కవర్ వేరు, పాటలోంచి ముక్క తీసి సొంత పాటలో కలుపుకోవడం వేరు. రెండోదానికి అనుమతి తప్పనిసరి. చాప్‌మన్ ఆ విషయంలో గట్టి మనిషి. తన ఇంకో పాటని అనుమతి లేకుండా వాడినందుకు ర్యాప్ గాయని నికీ మినాజ్ మీద కేసు వేసింది, చివరికి 2021లో నాలుగున్నర లక్షల డాలర్లకి రాజీ అయింది. కోంబ్స్ మీద మాత్రం ఒక్క మాట లేదు. పాటని పాటగా పాడినవాడితో ఆవిడకి పేచీ లేదన్నమాట.

మన దగ్గర కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణలో కవర్ల కోసం 31సి అని ఒక సెక్షన్ ఉంది. మొదటి రికార్డింగ్ వచ్చిన ఏడాది ముగిశాక అయిదేళ్లు ఆగాలి. ముందే నోటీసివ్వాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీలకి లెక్కగట్టి రాయల్టీ ముందే కట్టాలి. పాటలో ఇష్టమొచ్చిన మార్పులు చెయ్యకూడదు.

గిటార్ గోపి:
50,000 కాపీలకా! నా స్టూడెంట్స్ పాడిన కవర్‌ని చూసింది మొత్తం కలిపి మా చుట్టాలే. ఒక ఆడియో కంపెనీ వాళ్లు దాని మీదా క్లెయిమ్ వేసి వీడియో తీయించేశారు. పిల్లలు వారం పాటు మొహాలు వేలాడేసుకున్నారు.

కామేశ్వరి:
క్లెయిమ్ వెయ్యడం వాళ్ల హక్కే గోపి గారూ. కానీ పిల్లల కవర్ల కోసం మన చట్టంలో ఇంకాస్త చిన్న ద్వారం ఉండాలని నాకూ ఉంది. ఇలా ఇంటి దగ్గర పాడేవాళ్లకి ఆ 50,000 అనేది అందని ద్రాక్షే.

వెన్నెల వైజాగ్:
ఒకటి గమనించారా? మనం 'పాడుతా తీయగా' చూసి పెరిగినవాళ్లం. మనకి వేరేవాళ్ల పాట పాడటమంటే పరీక్ష. అసలు గాయకుడి సంగతి తప్పిందా, శ్రుతి జారిందా అని చెవులు రిక్కించి వింటాం. పిచ్చి గారేమో మార్చలేదని మార్కులు తీసేస్తున్నారు 😀 ఘంటసాల పాటలో ఎవరైనా పిల్లాడు ఒక్క గమకం మారిస్తే ముందు లేచేది మీరే కదా సార్?

పాతపాటల పిచ్చి:
ఘంటసాల జోలికి రాకమ్మా. 

సరే, నిజాయితీగా చెబుతా. గ్రామీ వీడియో చూశాను. ఇద్దరూ కలిసి పాడిన కోరస్‌లో అతను ఆవిడ గొంతు మీదకి ఎక్కలేదు. అంత పెద్ద గొంతున్నవాడు కిందే ఉండిపోయాడు. ఆఖర్న ఆవిడకి వంగి నమస్కారం పెట్టాడు. మనిషి మీద గౌరవం పెరిగింది. రికార్డు మీద నా అభిప్రాయం మాత్రం అదే, ఆ డ్రమ్స్ ఎక్కువే. గోపీ కూడా ఒప్పుకున్నాడు.

గిటార్ గోపి:
నన్ను మధ్యలోకి లాగకండి సార్, నేను రెండూ వింటా.

షార్లెట్ లత:
గ్రామీ తర్వాత ఐట్యూన్స్‌లో నంబర్ వన్ అయ్యింది కోంబ్స్‌ది కాదు, చాప్‌మన్ 1988 రికార్డింగే. పిచ్చి గారు, కవర్ ఎందుకు అన్నారు కదా మొదట్లో!

నల్లగొండ నాని:
గోపన్నా, నాకు జి, సి వస్తయి. ఎఫ్ ఇంకా రాదు. ఈ పాట మొదలుపెట్టొచ్చా?

గిటార్ గోపి:
ఇందులో ఎఫ్ లేదు నానీ, హాయిగా మొదలుపెట్టు. ముందు వారం పాడొద్దు, ఉత్త వరస ఒక్కటే వాయించు. మెట్రోనోమ్ (తాళం కొట్టే పరికరం) అరవై మీద పెట్టుకో. లాగినప్పుడు స్వరం వినిపిస్తోందో లేదో చూసుకో, వినపడకపోతే వేలిని పైకి ఎత్తేస్తున్నావని అర్థం, కిందికి, అరచేతి వైపుకి లాగాలి. రికార్డు చేసి పంపు, వింటా. కేపో లేకపోతే మామూలుగానే వాయించు, ఎవరూ కేసు పెట్టరు.